ఎస్‌యూవీతో ట్రెయిలర్ లాగేటప్పుడు టంగ్ వెయిట్: పరిమితులు, లెక్కలు

ట్రెయిలర్‌ను కారుకు తగిలించినప్పుడు దాని ముందు కొస హిచ్ బాల్ మీద నిలువుగా మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు. బ్రిటన్‌లో నోస్ వెయిట్ అనీ, ఆస్ట్రేలియాలో టోబాల్ మాస్ అనీ వాడతారు. అమెరికా పద్ధతిలో ట్రెయిలర్ మొత్తం బరువులో ఇది పదో వంతో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. మిగతాదంతా ట్రెయిలర్ సొంత చక్రాలే మోస్తాయి. అయినా బండి నిలకడ, స్టీరింగ్ పట్టు, బ్రేకుల పనితనం చాలావరకు ఈ చిన్న భాగం మీదే ఆధారపడి ఉంటాయి. ఎస్‌యూవీ ఎంత బరువు లాగగలదంటే కంపెనీ ప్రకటనలోని పెద్ద అంకెను చూపిస్తారు. నిజానికి కుటుంబమంతా ఎక్కి కూర్చున్న బండిలో ముందుగా అయిపోయేది ఇంజన్ లాగుడు శక్తి కాదు, టంగ్ వెయిట్‌ను మోయడానికి మిగిలిన చోటు.

ఎడ్లబండి తోలినవారికి ఈ సంగతి కొత్త కాదు. ఇరుసుకు వెనక బరువు ఎక్కువ పడితే నొగ పైకి లేచి ఎడ్ల మెడ పట్టెడలు బిగుసుకుంటాయి. ముందు ఎక్కువ పడితే కాడి మెడల మీద కూర్చుంటుంది. అందుకే రైతు నొగను చేత్తో ఎత్తి చూసి, ఒక బస్తాను అటో ఇటో జరిపి, ఆ తర్వాతే ఎడ్లను కడతాడు. కారు వెనక ట్రెయిలర్‌దీ అదే సూత్రం. కాకపోతే ఇక్కడ వేగం గంటకు వంద కిలోమీటర్లు.

ఎంత ఉండాలి

అమెరికాలో మామూలు ట్రెయిలర్లకు చెప్పే లెక్క, సామాను నింపిన ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం. అంటే 2,000 కిలోల క్యాంపర్‌కు 200 నుంచి 300 కిలోలు హిచ్ మీద పడాలి. పికప్ ట్రక్కు తొట్టిలోపల తగిలించే ఫిఫ్త్ వీల్ రకానికి ఇది 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది కానీ, ఎస్‌యూవీలకు ఆ రకంతో పనిలేదు.

యూరప్‌లో లెక్క వేరు. అక్కడి కార్లకు హిచ్ మీద అనుమతించే బరువు తరచుగా 75 నుంచి 100 కిలోలే. పెద్ద ఎస్‌యూవీలకు మరికొంత ఎక్కువ. జర్మనీ నిబంధన ప్రకారం ట్రెయిలర్ అసలు బరువులో కనీసం 4 శాతం ముందుకు పడాలి. అయితే ఆ కనీసం 25 కిలోలు దాటనక్కర లేదు. బ్రిటన్‌లో కారవాన్లకు 5 నుంచి 7 శాతం సరిపోతుందంటారు. అమెరికా లెక్కలో సగమే అయినా అక్కడ బండ్లు బోల్తా పడకుండా నడుస్తున్నాయంటే కారణాలున్నాయి. యూరప్ కారవాన్లలో ఇరుసును దాదాపు మధ్యలో పెడతారు, బండిని తేలికగా కడతారు, ఊగును అణచే రాపిడి స్టెబిలైజర్లు విరివిగా వాడతారు. వేగాలు కూడా తక్కువ. జర్మనీలో ట్రెయిలర్ లాగే కారుకు 80 కిలోమీటర్లే పరిమితి. ప్రత్యేక అనుమతి ఉంటేనే 100. బ్రిటన్ మోటార్‌వేల మీద గంటకు 60 మైళ్ళు. కాబట్టి యూరప్ శాతాన్ని తీసుకొచ్చి అమెరికాలో కట్టిన ట్రెయిలర్‌కు అంటగట్టడం ప్రమాదం. ట్రెయిలర్ ఎక్కడ, ఏ పద్ధతిలో కట్టిందో చూసి ఆ పద్ధతి లెక్కే పాటించాలి.

ఆస్ట్రేలియాలో 10 శాతం దగ్గరగా చెబుతారు. అక్కడ అమ్మే టొయోటా ల్యాండ్ క్రూజర్ 300కు లాగే పరిమితి 3,500 కిలోలు, హిచ్ మీద పరిమితి 350 కిలోలు. అమెరికాలోనూ ఎస్‌యూవీల పరిమితులు చాలావరకు ఇదే పదో వంతు పద్ధతిలో ఉంటాయి. టెస్లా మోడల్ వైకి 3,500 పౌన్లు, టంగ్ వెయిట్ 350 పౌన్లు. 5,000 పౌన్లు లాగే మధ్యతరహా ఎస్‌యూవీకి సాధారణంగా 500 పౌన్లు, అంటే సుమారు 227 కిలోలు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఇరుకు కనిపిస్తుంది. ట్రెయిలర్‌కు కావలసింది 10 నుంచి 15 శాతం, కారు ఒప్పుకునేది సరిగ్గా 10 శాతం. 5,000 పౌన్ల ట్రెయిలర్ 13 శాతంతో నిలకడగా నడుస్తుందనుకుంటే హిచ్ మీద 650 పౌన్లు పడతాయి, పరిమితి దాటిపోతుంది. ఆ కారుకు తగిన ట్రెయిలర్ 3,800 పౌన్ల దగ్గరే ఆగిపోతుంది. అమ్మేవారు ఈ భాగహారం చేసి చూపించరు. కొనేవారే చేసుకోవాలి.

తక్కువైతే

ట్రెయిలర్ బరువు కేంద్రం ఇరుసుకు తగినంత ముందు ఉన్నంతకాలం, గాలి తోసినా గుంత తగిలినా పక్కకు జరిగిన ట్రెయిలర్ ఒకటి రెండు ఊపుల్లో తిరిగి వరుసలోకి వస్తుంది. కేంద్రం వెనక్కు జరిగేకొద్దీ ఆ ఊపు చల్లారడానికి ఎక్కువ సేపు పడుతుంది. వేగం పెరిగినా అంతే. రెండూ కలిసిన చోట ఒక హద్దు వేగం ఉంటుంది. అది దాటితే ఊపు చల్లారదు సరికదా, ఒక్కో ఊపుకూ పెరుగుతుంది. ట్రెయిలర్ అటు ఊగినప్పుడల్లా హిచ్ బాల్ ద్వారా కారు వెనక భాగాన్ని ఇటు తోస్తుంది. వెనక ఇరుసుకు, హిచ్ బాల్‌కు మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఆ తోపు అంత బలంగా ఉంటుంది. ముందు వెనక చక్రాల మధ్య దూరం తక్కువైన ఎస్‌యూవీ దాన్ని తట్టుకోలేదు. పెద్ద లారీ పక్కనుంచి దాటిపోయినప్పుడు వచ్చే గాలి తాకిడి, పల్లం దిగేటప్పుడు పెరిగే వేగం, ఈ రెండే ఎక్కువసార్లు ఊగుకు నాంది అవుతాయి.

టంగ్ వెయిట్ శాతం ఒక్కటే సరిచూసుకుని నిశ్చింతగా ఉండేవారు ఇంకొక సంగతి మరిచిపోతారు. బ్రిటన్‌లో బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రయోగ ట్రెయిలర్‌తో చేసి 2009లో ప్రచురించిన పరీక్షల్లో నోస్ వెయిట్‌తో పాటు, బరువు ఇరుసుకు ఎంత దూరంగా పరుచుకుని ఉందన్నది కూడా నిలకడను బలంగా ప్రభావితం చేస్తుందని తేలింది. ముందు కొసన గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీలు, వెనక బంపర్ మీద సైకిళ్ళు, స్పేర్ చక్రం పెడితే రెండు వైపులా సరితూగి టంగ్ వెయిట్ ముచ్చటగా 12 శాతం చూపించవచ్చు. అయినా ఆ ట్రెయిలర్ ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపడం కష్టం, ఎందుకంటే కొసల్లోని బరువు తిరుగుడు ఊపును నిలబెడుతుంది. అంతే బరువును ఇరుసు దగ్గర, నేల మట్టాన సర్దితే బండి నిలకడగా ఉంటుంది. నా లెక్కలో ట్రెయిలర్ వెనక సైకిల్ స్టాండ్ తగిలించడం మానుకోదగ్గ పనుల్లో మొదటిది.

ఎక్కువైతే

టంగ్ వెయిట్ వెనక ఇరుసు మీద మాత్రమే పడదు, ముందు ఇరుసు నుంచి బరువును తీసేస్తుంది కూడా. హిచ్ బాల్ వెనక ఇరుసుకు వెనగ్గా ఉంటుంది కాబట్టి అక్కడ నొక్కితే ముందు భాగం పైకి లేస్తుంది. ముందు వెనక చక్రాల మధ్య 2.85 మీటర్లు, వెనక ఇరుసు నుంచి హిచ్ బాల్‌కు 1.2 మీటర్లు ఉన్న ఎస్‌యూవీని తీసుకోండి. 227 కిలోల టంగ్ వెయిట్ పడితే ముందు ఇరుసు సుమారు 96 కిలోలు కోల్పోతుంది. వెనక ఇరుసు మీద పెరిగేది 227 కాదు, 323 కిలోలు. స్టీరింగ్ తిప్పేది, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేది ముందు చక్రాలే. అవి తేలికైతే తడి రోడ్డు మీద మలుపులో కారు నేరుగా పోవాలని చూస్తుంది, ఆగే దూరం పెరుగుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్ళలోకి కొడతాయి. ముందు చక్రాలతో నడిచే చిన్న ఎస్‌యూవీ అయితే ఎక్కుడు మీద చక్రం జారుతుంది.

ఈ సూత్రాన్ని తెలుగు ప్రాంతాల్లో ట్రాక్టర్ నడిపేవారు ఏటా చూస్తూనే ఉన్నారు. ఒకే ఇరుసున్న రెండు చక్రాల ట్రాలీలో చెరకో, ధాన్యం బస్తాలో ముందుకు పేర్చి కాలువ గట్టు ఎక్కిస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు నేలను వదిలేస్తాయి. అప్పుడు స్టీరింగ్ తిప్పినా తిరగదు. ఎస్‌యూవీలో చక్రం కంటికి కనిపించేంతగా లేవదు గానీ, పట్టు తగ్గడం మాత్రం అదే తీరు.

వెనక భాగం కిందికి కుంగిందని కొందరు స్ప్రింగుల్లో గాలి సంచులు పెట్టిస్తారు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ఎస్‌యూవీలు తమంతట తామే వెనక భాగాన్ని లేపి సమంగా నిలబెడతాయి. చూడటానికి బాగుంటుంది. కానీ కారు సమంగా నిలబడినంత మాత్రాన ముందు ఇరుసుకు పోయిన బరువు తిరిగి రాదు. కుంగుడు మన కంటికి ఇచ్చే హెచ్చరిక మాత్రం కనపడకుండా పోతుంది. అందువల్ల ఎయిర్ సస్పెన్షన్ ఉన్నవారే తూకం విషయంలో మరింత పట్టుదలగా ఉండాలి.

ఏ అంకెను నమ్మాలి

ఒకటి కాదు, చాలా అంకెలు చూడాలి. వాటిలో అన్నిటికన్నా తక్కువదే అసలు పరిమితి. కారు మాన్యువల్‌లో ఒక టంగ్ వెయిట్ ఉంటుంది. కారు కింద బిగించిన హిచ్ రిసీవర్ స్టిక్కర్ మీద మరొకటి. బాల్ మౌంటు మీద, బాల్ మీద, ట్రెయిలర్ ముందు కొసన బాల్‌ను పట్టుకునే కప్లర్ మీద వాటి వాటి అంకెలు అచ్చొత్తి ఉంటాయి. యూరప్‌లో టోబార్ ప్లేటు మీద ఎస్ అనే అక్షరం పక్కన ఉండేదే ఈ అంకె, కిలోల్లో. అమెరికాలో హిచ్‌లను తరగతులుగా అమ్ముతారు. మొదటి తరగతికి 2,000 పౌన్ల ట్రెయిలర్, 200 పౌన్ల టంగ్ వెయిట్. రెండో తరగతికి 3,500, 350. ఆ పైన మూడు, నాలుగు తరగతులు. మూడో తరగతి హిచ్ కొని బిగించినంత మాత్రాన 1,500 పౌన్లు లాగే కారు 5,000 పౌన్లు లాగదు. హిచ్ బలం పెరిగింది గానీ కారు ఇరుసు, టైర్లు, బ్రేకులు, చాసిస్ ఎప్పటివే. హిచ్ దుకాణంలో అంకెను చూసి మోసపోయేవారు చాలామంది ఉన్నారు కనుక దీన్ని నొక్కి చెప్పాల్సి వస్తోంది.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది పేలోడ్. అమెరికాలో అమ్మిన ప్రతి ఎస్‌యూవీకి డ్రైవర్ తలుపు తీస్తే కనపడే స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని కిలోలు లేదా ఇన్ని పౌన్లు దాటకూడదని అందులో రాసి ఉంటుంది. టంగ్ వెయిట్ కూడా ఆ మొత్తంలోకే వస్తుంది, ఎందుకంటే అది కారు మోసే బరువే.

ఉదాహరణకు డాలస్‌లోనో, సియాటిల్‌లోనో ఉండే ఒక తెలుగు కుటుంబాన్ని తీసుకుందాం. వేసవిలో అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు, అందరూ కలిసి క్యాంపర్ తగిలించుకుని నేషనల్ పార్కుకు బయల్దేరారు. ఎస్‌యూవీకి లాగే పరిమితి 5,000 పౌన్లు, అంటే 2,268 కిలోలు. తలుపు దగ్గర స్టిక్కర్ 1,250 పౌన్లు, అంటే 567 కిలోలు అంటోంది. భర్త 80, భార్య 65, తాతయ్య 70, నానమ్మ 60, పిల్లలిద్దరూ 40, 30. మొత్తం 345 కిలోలు. వెనక డిక్కీలో కూలర్, బియ్యం, కుక్కర్, బట్టల బ్యాగులు 60 కిలోలు. హిచ్ సరంజామా 35. ఇవన్నీ తీసేస్తే టంగ్ వెయిట్‌కు మిగిలింది 127 కిలోలు. ట్రెయిలర్‌కు 12 శాతం పద్ధతిలో చూస్తే ఆ కారు నిజంగా లాగదగ్గ ట్రెయిలర్ 1,058 కిలోలే, ప్రకటనలో చెప్పినదాంట్లో సగానికన్నా తక్కువ. ఈ కుటుంబానికి ఎదురైన అడ్డు ఇంజన్‌ది కాదు, హిచ్‌ది కాదు, సీట్లు నిండడం.

ప్రకటనల అంకె అబద్ధం కాదు. దాన్ని కొలిచే పరిస్థితులు వేరు. అమెరికా ఇంజనీర్ల సంస్థ రూపొందించిన ఎస్ఏఈ జే2807 ప్రమాణం ప్రకారం లాగే పరిమితి నిర్ణయిస్తారు. 2011 మోడళ్ళ నుంచి టొయోటా దీన్ని ముందుగా అమలు చేసింది, తర్వాత ఇతర కంపెనీలు వచ్చాయి. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే పొడవాటి ఎక్కుడు మీద, మండుటెండలో ఏసీ వేసుకుని, వేగం గంటకు 40 మైళ్ళకు తగ్గకుండా ఎక్కాలన్నది అందులో ఒక పరీక్ష. పరీక్ష కఠినమైనదే. కానీ కారులో ఉన్నట్టు లెక్కించే మనుషులు ఇద్దరే, ఒక్కొక్కరు 150 పౌన్లు, అంటే 68 కిలోలు. మూడు వరుసల సీట్లూ నిండిన కారును ఆ అంకె లెక్కలోకి తీసుకోదు.

బ్యాటరీతో నడిచే ఎస్‌యూవీల్లో ఈ ఇరుకు ఇంకా ఎక్కువ కావచ్చు, కారు సొంత బరువే ఎక్కువ కాబట్టి. లాగే సత్తువ మాత్రం వాటికి పుష్కలం.

తూచే పద్ధతులు

క్యాంపర్ కంపెనీ కరపత్రంలో ఉండే టంగ్ వెయిట్ ఖాళీ బండిది. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, నీళ్ళు, సామాను చేరాక అది మారుతుంది. సొంతంగా తూయక తప్పదు.

తేలికపాటి ట్రెయిలర్‌కు ఇంట్లో మనుషులు తూచుకునే స్కేలు చాలు. గట్టి దూలం ఒకటి తీసుకుని ఒక కొసను దిమ్మె మీద, రెండో కొసను స్కేలు మీద ఆనించాలి. కప్లర్ దిమ్మెకు ఒక అడుగు దూరంలో, స్కేలుకు రెండు అడుగుల దూరంలో దూలం మీద వాలేలా చూడాలి. స్కేలు చూపిన అంకెలోంచి దూలం బరువు వల్ల వచ్చిన భాగాన్ని తీసేసి మూడుతో గుణిస్తే టంగ్ వెయిట్ వస్తుంది. ట్రెయిలర్ సమంగా నిలబడి ఉండాలి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి ఉండాలి. హిచ్ కింద పెట్టి తూచే చిన్న స్కేళ్ళు కూడా అమ్ముతారు.

దీనికన్నా మంచిది లారీల వేబ్రిడ్జి. అమెరికా ట్రక్ స్టాపుల్లోని కాటాల్లో ఒక్కో ఇరుసుకు వేరు వేరు పలకలుంటాయి, ఒకేసారి మూడు అంకెలు వస్తాయి. ముందు ట్రెయిలర్ లేకుండా, మనుషులందరూ కూర్చుని, సామానుతో తూచాలి. అప్పుడు ముందు ఇరుసు 1,240 కిలోలు, వెనక ఇరుసు 1,310, మొత్తం 2,550 అనుకుందాం. తర్వాత ట్రెయిలర్ తగిలించి మళ్ళీ తూస్తే ముందు 1,160, వెనక 1,580, కలిపి 2,740, ట్రెయిలర్ ఇరుసు 1,390. తేడా 190 కిలోలే టంగ్ వెయిట్. ట్రెయిలర్ మొత్తం బరువు 190, 1,390 కలిపి 1,580. శాతం 12. ముందు ఇరుసు 80 కిలోలు కోల్పోయిందని కూడా ఈ చీటీయే చెబుతోంది. వెనక ఇరుసు 1,580ని తలుపు స్టిక్కర్ మీది వెనక ఇరుసు పరిమితితో పోల్చి చూడాలి. ఒక్క చీటీలో ఇన్ని ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది కనుక, కొత్తగా ట్రెయిలర్ కొన్నవారు చేయదగ్గ మొదటి ప్రయాణం కాటా దాకా వెళ్ళి రావడమే.

ఇప్పుడు అదే ట్రెయిలర్‌లో 150 లీటర్ల నీళ్ళ ట్యాంకు ఇరుసుకు 1.2 మీటర్లు వెనక ఉందనుకోండి. హిచ్ బాల్ నుంచి ఇరుసుకు 4 మీటర్లు. తూకం వేసింది ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు. క్యాంపు దగ్గర నీళ్ళు దొరకవేమోనని ట్యాంకు నింపి బయల్దేరితే టంగ్ వెయిట్ 45 కిలోలు తగ్గి 145 అవుతుంది. ట్రెయిలర్ బరువు 1,730కి పెరుగుతుంది. 12 శాతం కాస్తా 8.4కు పడిపోయింది. వేరే ఏమీ మారలేదు, కుళాయి తిప్పారంతే. నీళ్ళ ట్యాంకులు ఇరుసుకు ముందున్నాయా, వెనకున్నాయా అన్నది ట్రెయిలర్ యజమానికి కంఠతా ఉండాలి.

సర్దడం, హిచ్ సాయం

సామానులో 60 శాతం ఇరుసుకు ముందు సగంలో ఉండాలన్నది అమెరికాలో వాడుకలో ఉన్న నియమం. యూ-హాల్ తన అద్దె ట్రెయిలర్ల మీద ఇదే చెబుతుంది, గంటకు 55 మైళ్ళు దాటవద్దని కూడా హెచ్చరిస్తుంది. ఇల్లు మారేటప్పుడు ఈ ట్రెయిలర్ అద్దెకు తీసుకునే తెలుగువారు చాలామంది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వంటివి ముందుగా ఎక్కించి ముందు గోడకు ఆనించి కట్టాలి, తేలిక పెట్టెలు వెనక్కి. 40 కిలోల పెట్టెను పైన చెప్పిన ట్రెయిలర్‌లో ఒక మీటరు ముందుకు జరిపితే టంగ్ వెయిట్ 10 కిలోలు పెరుగుతుంది. ఎక్కువైందని బరువును వెనక కొసకు తోయకూడదు. ముందు కొసలో ఉన్నదాన్ని ఇరుసు దగ్గరకు తేవాలి, లేదా ఇంటి దగ్గరే దించేయాలి.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌లో రెండు స్ప్రింగు కడ్డీలుంటాయి. అవి హిచ్ దగ్గర పైకి మెలిపెట్టి, వెనక ఇరుసు మీద పడిన బరువులో కొంత ముందు ఇరుసుకు, కొంత ట్రెయిలర్ ఇరుసుకు పంచుతాయి. ముందు చక్రాలు కోల్పోయిన బరువును తిరిగి తెచ్చే మార్గం ఇదొక్కటే. కొన్ని కార్ల మాన్యువళ్ళు ఫలానా బరువు దాటితే ఇది తప్పనిసరి అంటాయి, కొన్ని వాడవద్దని నిషేధిస్తాయి. బాడీలోనే చాసిస్ కలిసిపోయిన ఎస్‌యూవీల్లో హిచ్ బిగించిన చోటు ఆ మెలిపెట్టుడును తట్టుకోకపోవచ్చు. మాన్యువల్ మాటే చివరి మాట. వాడినా కూడా మాన్యువల్‌లో చెప్పిన పరిమితిని దాటకూడదు.

ఊగు మొదలైతే

ఇప్పటి చాలా ఎస్‌యూవీల్లో ట్రెయిలర్ ఊగును కనిపెట్టి చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే ఏర్పాటు ఉంది. అది ఆఖరి రక్షణ, సర్దుడు తప్పుకు మందు కాదు. ఊగు తెలియగానే యాక్సిలరేటర్ మీది కాలు తీసేయాలి, స్టీరింగును నేరుగా గట్టిగా పట్టుకోవాలి. ఊపుకు ఎదురు తిప్పబోతే ఊగు పెరుగుతుంది. కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, వేగం పెంచి లాగేద్దామనీ చూడకూడదు. ట్రెయిలర్ బ్రేకులకు విడిగా కంట్రోలర్ ఉంటే దాన్ని మాత్రమే చేత్తో నొక్కాలి, ట్రెయిలర్ వెనక్కి లాగబడి వరుసలోకి వస్తుంది. వేగం తగ్గి బండి కుదుటపడ్డాక, భద్రమైన చోటు చూసి పక్కకు ఆపండి. ట్రెయిలర్ తలుపు తీసి బరువు ఎక్కడుందో చూసి, ఇరుసు వైపుకు, ముందుకు జరపండి. నీళ్ళ ట్యాంకు వెనకుంటే ఖాళీ చేయండి. అది చేయకుండా మళ్ళీ హైవే ఎక్కవద్దు.